ఏడోవాడు

మొన్నామధ్య మెట్రోలో ఇంటికి వస్తుంటే ఎదుటి సీట్లో పదేళ్ల పాప ఒకతె కూర్చుంది. ఎర్రటి జెర్సీ, మోకాళ్ల దాకా మేజోళ్లు, ఒళ్లో మట్టి అంటిన ఫుట్‌బాల్ బూట్లు. ఏ టీమమ్మా నీది అని అడిగాను. సముద్రాల అవతలి క్లబ్బు పేరొకటి చెప్పింది. పక్కనున్న తల్లి నవ్వి, "సెలవు రోజు వస్తే చాలు అంకుల్, టీవీ ముందునుంచి లేవదు, వాళ్ల మ్యాచ్‌లన్నీ చూస్తుంది" అంది.

"నేను కూడా చిన్నప్పుడు ఆడేవాణ్ణి" అన్నాను.

"ఏ క్లబ్బు తాతా?"

చెప్పాను. ఆ పేరు నా నోట వచ్చి ఎన్నేళ్లయిందో. పాప మర్యాదగా కాసేపు ఆలోచించి, "వినలేదు తాతా" అంది.

"ఎవరూ వినలేదమ్మా" అన్నాను.

రైలు అప్పటికి నాంపల్లి దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి కిందికి చూశాను. మా మైదానం ఉండాల్సిన చోట నాలుగంతస్తుల దుకాణాల భవనం, దాని నెత్తిన వరసగా నీళ్ల ట్యాంకులు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఆ ఒక్క వానాకాలమే మనసులో తిరుగుతూ ఉంది.

క్లబ్బు అంటే పెద్దగా ఊహించుకోకండి. స్టేషన్ ఎదురు సందులో ఒక పాత మేడ ఉండేది. దాని మెట్ల కింద, నడుం వంచితే తప్ప దూరలేని గది. అదే మా క్లబ్బు. గోడకు అటువైపు ఇరానీ హోటల్ పొయ్యి ఉండటం వల్ల ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. తడిసిన జెర్సీలు దానికి తగిలించి ఆరబెట్టేవాళ్లం. అందుకే మా జట్టు మైదానంలోకి దిగితే చెమట వాసనకంటే ముందు చాయ్ వాసన వచ్చేది. అప్పటి తోలు బంతి వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. వానలు పడగానే దానికి ఆముదం పట్టించేవాళ్లం. తలతో కొట్టినప్పుడల్లా ఆ జిడ్డు నొసటికి అంటుకునేది. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా మా అమ్మ పట్టేసేది.

"అందరు తలకాయకు నూనె రాసుకుంటరు, నువ్వేంది రా నొసటికి రాసుకొని వస్తవ్" అనేది. కానీ నాన్నకు చెప్పేది కాదు.

మాకు ఆట నేర్పే మాస్టర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. రైళ్లలో వచ్చిన బుట్టలకూ మూటలకూ నంబర్లు వేయడం ఆయన పని. వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఖాకీ చొక్కా, కుడికాలు కొంచెం ఈడ్చి నడక. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ కాలి ఆట చూడటానికి జనం గోడలెక్కేవాళ్లనీ, మ్యాచ్ ఉన్ననాడు మొజంజాహీ మార్కెట్లో సగం దుకాణాలు మూతపడేవనీ పండ్లమ్మే ముసలివాళ్లు చెప్పేవాళ్లు. ఆయన మాత్రం ఆ సంగతులు ఎన్నడూ ఎత్తేవాడు కాదు. మేమెవరమైనా అడిగితే, "అప్పటి ముచ్చట అప్పటిదే. నువ్వు ఎడమకాలు నేర్చుకో ముందుగాల" అనేవాడు.

మా గోల్‌కీపర్ బేగంబజార్‌లో గుడ్ల గోదాములో పనిచేసేవాడు. అందరం గుడ్లన్న అనేవాళ్లం. గుడ్ల అట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఆ ఇరుకు సందుల్లో నడిచేవాడు, ఒక్కటి పగలగొట్టేవాడు కాదు. బంతి మాత్రం ఎందుకో ఆయన చేతుల్లో నిలిచేది కాదు. చీలిన గుడ్లు గోదాములో ఎవరికీ పనికిరావని మూటగట్టుకుని తెచ్చేవాడు. ఆట అయ్యాక హోటల్ వాడు వాటిని చాయ్ నీళ్ల పక్కనే ఉడకబెట్టి ఇచ్చేవాడు. ఉప్పూ కారం అద్దుకుని వేడివేడిగా తినేవాళ్లం. ఓడిన రోజు కూడా అవి రుచిగానే ఉండేవి. మేం ఎక్కువగా ఓడేవాళ్లమే.

నేను ఎడమ వైపు ఆడేవాణ్ణి. అప్పుడు నాకు పదిహేడు. మా నాన్న ఆబిడ్స్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. ఊరు మెదక్ దగ్గర. చర్చిలో పెద్ద. ఆట మీద ఆయనకు కోపం లేదు. ఆదివారం ఆడటం మీదే. లీగు మ్యాచ్‌లేమో ఆదివారం పొద్దునే పెట్టేవాళ్లు. అందుకని ప్యాంటు లోపల నిక్కరు, మేజోళ్లు వేసుకుని ఆరాధనకు వెళ్లేవాణ్ణి. చివరి వరసలో కూర్చుని, అందరూ పాటకు లేచి నిలబడగానే తలుపు పక్కనుంచి జారుకునేవాణ్ణి. ఒకసారి ఆట తొందరగా ముగిసి, ఆశీర్వాదం వేళకు తిరిగొచ్చి వరసలో నిలబడ్డాను. పాస్టరు అయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "ఏం బాబూ, ఇంత చెమట పట్టింది?" అన్నారు.

"ప్రార్థన ఎక్కువైంది అయ్యగారూ" అన్నాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పాటల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆయనకు అప్పటికే సగం తెలుసని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆ ఏడు సీజను మొదలయ్యే సరికే మా పరిస్థితి బాగోలేదు. పిల్లలంతా క్రికెట్‌కు పోయారు. మేం ఆడేది ఒక బడి మైదానంలో. అక్కడ మేం ఒక మూలకు జరిగి ఆడుకోవాల్సి వచ్చేది. మధ్యలో నాలుగైదు జట్లు వికెట్లు పాతేవి. మా సందులోనే పుట్టిపెరిగిన వాళ్లకు కూడా మెట్ల కింద ఒక క్లబ్బు ఉందని తెలియదు. గోడకు కొట్టిన రేకు బోర్డు మీద ఎవరో జ్యోతిష్యం పోస్టరు అంటించి పోయారు. మాస్టర్ దాన్ని నీళ్లు చల్లి నానబెట్టి, గోటితో నెమ్మదిగా గీకి తీశాడు. తీస్తూనే అన్నాడు:

"మన ఆట మనోళ్లు చూస్తలేరు రా. చూడకపోతే పిల్లలెట్ల వస్తరు. ఒక్కసారి చూడనియ్యాలె. ఒక్క ఆట."

అలా పుట్టింది శనివారం సాయంత్రం ప్రదర్శన మ్యాచ్ ఆలోచన. స్టేషన్ ఉద్యోగుల జట్టొకటి మాతో ఆడటానికి ఒప్పుకుంది. శనివారం కాబట్టి నాన్న కూడా అభ్యంతరం పెట్టలేదు. పైగా ప్రెస్సులో మిగిలిన రంగు కాగితం ముక్కల మీద కరపత్రాలు తనే అచ్చువేసి ఇచ్చాడు. ఆ రోజు ఆయన పెట్టెలో 'ఫ' అక్షరాలు అయిపోయాయి. 'ప' పెట్టేశాడు. పచ్చరంగు కాగితం మీద పెద్ద అక్షరాల్లో 'పుట్‌బాల్ పోటీ' అని పడింది.

"సదువుకున్నోళ్లకు అర్థమైతది, సదువు రానోళ్లకు ఎట్లయినా ఒకటే" అన్నాడు నాన్న. ప్రెస్సు నుంచి వచ్చిన ఆయన చేతులు కిరసనాయిలు వాసన వేస్తుంటే, ఆ చేతులతోనే కరపత్రాల కట్టకు దారం చుట్టాడు.

మాస్టరూ, గుడ్లన్నా, నేనూ ఆ కట్ట పట్టుకుని తిరిగాం. మొదట మొజంజాహీ మార్కెట్. మామిడి పండ్ల కాలం వెళ్లిపోతోంది, చివరి బుట్టల్లోంచి మగ్గిన వాసన పులిసి వస్తోంది. పండ్ల దుకాణం ముసలాయన మాస్టర్‌ను చూసి గద్దె మీదినుంచి లేచాడు.

"మీ క్లబ్బు ఇంక ఉన్నదా?"

"ఉన్నది. శనివారం ఆట పెట్టినం. జర రాండ్రి."

"గెలుస్తరా?"

"ఆడితె గద తెలిసేది" అన్నాడు మాస్టర్.

"గెల్చినంక చెప్పున్రి. దండ పట్టుకొని నేనే వస్త" అని ఆయన నా చేతిలో ఒక మామిడిపండు పెట్టాడు. అంతకు మించి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఐస్‌క్రీం దుకాణంలో కుర్రాడు కరపత్రం చదివి, "పుట్‌బాల్ అంటే ఏంది?" అని అడిగి పక్కవాడికి చూపించి నవ్వాడు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం యజమాని ఆ కాగితం తీసుకుని, మేం మెట్లు దిగకముందే దానితో కౌంటరు మీది దుమ్ము తుడిచాడు. మాస్టర్ చూసీ చూడనట్టు పక్క దుకాణం మెట్లెక్కి చేతులు జోడించాడు. "శనివారం సాయంత్రం. బడి మైదానం. జర రాండ్రి." సాయంత్రం దాకా అదే మాట. కోఠిలో పాత పుస్తకాల వాళ్ల దగ్గరికి చేరేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది.

జనం వస్తే ఎక్కడ కూర్చుంటారని నేనే అడిగాను. మైదానంలో ఒక్క అరుగు కూడా లేదు. పదిహేడేళ్ల బుద్ధి. చర్చి వెనక హాల్లో టేకు బెంచీలు ఉన్నాయి కదా అనిపించింది. చర్చి వాచ్‌మన్ తాత దగ్గరికి పోయి, సండేస్కూల్ పిల్లల కార్యక్రమం ఉంది, నాయిన బెంచీలు తెమ్మన్నాడు అని చెప్పాను. తాత నాన్న పేరు విని మారుమాట లేకుండా తాళం తీశాడు. పన్నెండు బెంచీలు కిరాయికి మాట్లాడిన తోపుడుబండి మీద రెండు విడతలుగా తోలుకుపోయాం.

దారిలో ఆబిడ్స్‌లో టీవీలమ్మే దుకాణం ముందు రోడ్డు నిండా జనం. అద్దాల వెనక టీవీలో క్రికెట్ నడుస్తోంది. సన్నగా తుంపర పడుతున్నా ఒక్కరూ కదలడం లేదు. గొడుగులు కూడా ముందువాళ్లకు అడ్డం వస్తాయని మూసేశారు. మా బండి వాళ్ల మధ్యకు రాగానే, "జరుపు జరుపు, కనవడ్తలేదు" అని అరిచారు. వాళ్లలో మా సందువాళ్లు నలుగురైదుగురు కనిపించారు. నేను పిలిచాను కూడా. "ఈ ఓవరు అయినంక వస్తం" అన్నాడొకడు.

పన్నెండు బెంచీలూ మైదానం పక్కన తిన్నగా వేశాం. మాస్టర్ తన చేతిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచాడు. ఆట మొదలయ్యేసరికి వాటి మీద కూర్చున్నది హోటల్లో చాయ్ అందించే అతను, వాన తగ్గేదాకా ఆగుదామని వచ్చిన ఇద్దరు బాటసారులు. ఇంకొకతను తాగి ఉన్నాడు. అతను బెంచీ పొడవునా పడుకుని నిద్రపోయాడు. మిగతా బెంచీలు వానకు నల్లబడుతూ అలాగే ఉన్నాయి.

ఆ రోజు మేం బాగా ఆడాం. అది చెప్పుకోవాలి. ముగింపు దగ్గర్లో ఎడమవైపు బంతి నాకు దొరికింది. ఇద్దరిని దాటి, నేర్చుకో నేర్చుకో అని మాస్టర్ రెండేళ్లు సతాయించిన ఆ ఎడమకాలితోనే కొట్టాను. బంతి గోల్‌కీపర్ తల మీదుగా పోయి నెట్‌లో పడింది. నా జీవితంలో అంత మంచి గోల్ మళ్లీ కొట్టలేదు. చేతులెత్తి బెంచీల వైపు తిరిగాను. చాయ్ అతను హోటల్‌కు వెళ్లిపోయాడు. బాటసారులు లేరు. తాగినతను పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. చేతులు నెమ్మదిగా దించుకున్నాను. అవతలి గీత దగ్గర వానలో నిలబడి మాస్టర్ ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

ఆట చెరో గోల్‌తో సమంగా ముగిసింది. ఆ తర్వాత పెద్దవాన వచ్చింది. బండివాడు రాలేదు. బెంచీలు రాత్రంతా ఆ వానలోనే నానాయి.

మర్నాడు పొద్దున చర్చిలో అందరికీ తెలిసిపోయింది. టేకు ఉబ్బి, పాలిష్ తెల్లగా పొక్కులు లేచింది. సంఘం పెద్దలు కూర్చున్నారు. వాచ్‌మన్ తాత తలవంచుకుని నాన్న పేరు చెప్పాడు. నాన్న లేచి నిలబడి, "తప్పు మా ఇంట్లదే. నేను బాగుచేసి ఇస్త" అన్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ మర్నాటి నుంచి ప్రెస్సు అయిపోగానే చర్చికి పోయి, చొక్కా విప్పి, గరుకు కాగితంతో ఆ బెంచీలు రుద్దేవాడు. నేనూ పక్కన కూర్చుని రుద్దేవాణ్ణి. రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఆయన నాతో మాట్లాడింది తక్కువ. ఒకరోజు మాత్రం లక్క పాలిష్‌లో గుడ్డ ముంచుతూ అన్నాడు:

"ఆటకు అడిగితె నేనే ఇప్పిస్తుంటి రా. దేవుని పేరు మీద ఎందుకు అబద్ధం ఆడినవ్?"

గరుకు కాగితం మడిచి బెంచీ కాలు రుద్దాను. ఆదివారాలు జారుకోవడం మానేశాను.

నేను మానేసిన ఆ రోజుల్లోనే క్లబ్బు కూడా జారిపోతూ వచ్చింది. మా సెంటర్ ఆటగాడికి గల్ఫ్‌లో పని దొరికి వెళ్లిపోయాడు. ఇద్దరన్నదమ్ములు క్రికెట్ జట్టులో చేరారు. ఒక ఆదివారం పరీక్షలని నలుగురు రాలేదు. ఇంకో ఆదివారం ఒకరి పెళ్లని సగం జట్టు ఊరెళ్లింది. రెండు మ్యాచ్‌లు ఆడకుండానే అవతలివాళ్లకు పోయాయి. మూడోది కూడా అలాగే పోతే లీగు నుంచి పేరు కొట్టేస్తారు. అది అక్కడి నియమం. ఒకసారి పేరు పోయాక మళ్లీ చేర్చుకోవడమంటూ ఉండేది కాదు.

ఆ మూడో మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు మాస్టర్ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గడప బయటే విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. సాసర్లో పోసుకుని తాగాడు.

"అన్నా, బెంచీల సంగతి నాకు తర్వాత తెల్సింది. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు నాన్నతో.

"మీ తప్పేమున్నది మాస్టర్, కూర్చోండ్రి."

"ఈ ఆదివారం ఒక్కటి పిల్లగాన్ని పంపియ్యున్రి. గిదొక్కటి ఆడితె పేరు నిలుస్తది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుందం."

నాన్న లేచి గుమ్మం దాకా వచ్చాడు. "ఆదివారం మా కోతపండుగ మాస్టర్. ఏడాదికి ఒక్కసారి వస్తది" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "నేను కట్టెయ్యను. వాని ఇష్టం."

మాస్టర్ నా వైపు తిరిగాడు. "పదకొండుగురు అక్కర్లేదు రా. ఏడుగురుంటె చాలు, రిఫరీ ఆట మొదలుపెడతడు. గుడ్లోడు వస్తడు. ఇంక ఏడుగురు వస్తమన్నరు. నువ్వు గూడ ఉంటె నాకు ధైర్యం."

"వస్త సార్" అన్నాను.

ఆ ఆదివారం నిక్కరూ మేజోళ్లూ వేసుకుని, పైన ప్యాంటు తొడుక్కునే చర్చికి వెళ్లాను. స్తంభాలకు చెరకుగడలు కట్టారు. బలిపీఠం ముందు సీతాఫలాలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వెనక ఆవరణలో పెద్ద గిన్నెల్లో మాంసం ఉడుకుతున్న వాసన లోపలికి వస్తోంది. నాన్న కూర్చున్నది మేం బాగుచేసిన బెంచీల్లో ఒకదాని మీద. పక్కన నాకు చోటు ఉంచాడు. చివరి వరసలో కాకుండా ఆయన పక్కనే కూర్చున్నాను.

ఆట తొమ్మిదిన్నరకు. తొమ్మిదింటికి మొదటి పాటకు అందరం లేచాం. తలుపు తెరిచే ఉంది. నేను కదల్లేదు. నన్నెవరూ ఆపలేదు, అది నిజం. రెండు వారాలు నాన్న పక్కన కూర్చుని రుద్దిన చెక్క అది. అందరి ముందూ ఆయన్ని వదిలి లేచిపోవడానికి కాళ్లు రాలేదు. మనసులో ఇంకొకటి కూడా అనుకున్నాను. ఎనిమిదిమంది వస్తామన్నారు. ఏడుగురు చాలు. నేను పోకపోయినా ఆట ఆగదు. ఆ మాట అనుకోగానే ప్రాణం తేలికపడింది. వెనకనుంచి వచ్చే మసాలా వాసన పీల్చుకుంటూ పాట పాడాను.

ప్రసంగం మొదలైంది. గోడ గడియారంలో పది కావస్తోంది. నాన్న తల తిప్పకుండానే, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు:

"మేజోళ్లు ఏసుకొనే వచ్చినవ్ గద. పో."

వంగి చూసుకున్నాను. ప్యాంటు కింద గీతల మేజోడు బయటికి కనిపిస్తోంది. ఆయన ఎప్పుడు చూశాడో తెలియదు. లేచి పరుగెత్తాను. ప్యాంటు విప్పే తీరిక కూడా లేదు. నిదానంగా పోయే సిటీ బస్సును దాటుకుని, స్టేషన్ రోడ్డు మీద రిక్షాల మధ్యలోంచి దూరి, బడి గేటు చేరేసరికి రొమ్ము ఎగిరిపడుతోంది.

అవతలి జట్టువాళ్లు సైకిళ్లు తీస్తున్నారు. రిఫరీ చెట్టు కింద కాగితం మీద సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మావాళ్లు గోల్‌కంబం దగ్గర చాయ్ వాసన వేసే జెర్సీల్లో నిలబడి ఉన్నారు. ఎవరి కాళ్లకూ మట్టి అంటలేదు.

గుడ్లన్న నన్ను చూశాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఆరుగురం వచ్చినం. పావుగంట ఆగిండు రిఫరీ. ఏడోడివి నువ్వు."

మాస్టర్ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"నెట్ విప్పుదం, పట్టు" అన్నాడు.

ఇద్దరం నెట్ విప్పాం. పొద్దుటి మంచుకు తాడు ముడులు బిగుసుకుపోయి గోళ్లు నొప్పి పెట్టాయి. ఒక్కొక్క ముడీ ఓపికగా విప్పి, నెట్‌ను ఆయన చేతి నుంచి మోచేతి దాకా చుట్టుకుంటూ వచ్చాడు. గుడ్లన్న ఆట అయ్యాక తినడానికని ఉడకబెట్టించుకుని తెచ్చిన గుడ్ల మూట విప్పాడు. అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. నా వంతు వచ్చేసరికి ఆగాడు. మాస్టర్ తనది నా చేతిలో పెట్టి, "తిను, ఉరికొచ్చినవ్" అన్నాడు. తిన్నాను. చర్చి బట్టల్లో ఉన్నది నేనొక్కణ్ణే.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లీగు నుంచి పేరు పోయింది. ఎవరూ గొడవ చేయలేదు. పేపర్లో ఒక వాక్యం కూడా రాలేదు. మెట్ల కింది గదిని మేడ యజమాని సామాన్లు పెట్టుకోవడానికి తీసుకున్నాడు. మా సందులో ఒక్కరు కూడా, మీ క్లబ్బు ఏమైందని అడగలేదు. చాలా ఏళ్లు ఆ జనం మీద నాకు కోపం ఉండేది. టీవీ ముందు వానలో నిలబడ్డవాళ్ల మీద, దుమ్ము తుడుచుకున్న వాడి మీద. వాళ్లంతా కూడా ఆ రోజు చర్చిలో నేననుకున్న మాటే అనుకుని ఉంటారని నాకు తట్టడానికి సగం జీవితం పట్టింది.

నేను మళ్లీ బంతి తన్నలేదు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. పార్సిల్ ఆఫీసు ముందునుంచి పోవాల్సి వస్తే మార్కెట్ వైపు చుట్టు తిరిగి పోయేవాణ్ణి. మాస్టర్ రిటైరయ్యాడని గుడ్లన్న చెప్పాడు. మోకాలు పూర్తిగా పోయి మంచం పట్టాడని కూడా ఆయనే చెప్పాడు. పోదాం పోదాం అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఆయన పోయిన తర్వాత, దినాలు కూడా అయిపోయాక వెళ్లాను.

బేగంబజార్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. మాస్టర్ భార్యను మేమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. ఆమె నన్ను తేరిపార చూసి గుర్తుపట్టింది.

"నువ్వు ఆ చర్చి పిల్లగానివి గద?"

"ఔ అక్కా."

పీట వేసి కూర్చోబెట్టింది. ఆయన చివరి రోజులు చెప్పింది. దవాఖానకు పోనని మొండికేశాడట. చాయ్ మాత్రం అడిగేవాడట. కాసేపటికి ఆమే అంది:

"నీ ముచ్చట తీస్తుండె ఎప్పుడన్న. ఆఖరి ఆటకు ఐదుగురే వచ్చిన్రంట గద. నువ్వు ఉరుక్కుంట వచ్చినవంట. ఆ పిల్లగాడు తనవల్లనే ఆట పోయిందని మనసుల పెట్టుకున్నడు గావచ్చు, వాడు టైముకు వచ్చినా ఆరుగురే అయితుంటిమి, ఎట్లయినా ఆట లేకపోతుండె, కలిస్తె చెప్పు అని నాతోని అన్నడు. ఫికర్ పెట్టుకోకు బిడ్డా."

నేను ఆమె ముఖం వంక చూశాను. ఆమెకు అసలు లెక్క తెలియదు.

"ఔ అక్కా. ఐదుగురే వచ్చిన్రు" అన్నాను.

చాయ్ తాగి, ఆమెకు దండం పెట్టి బయటికొచ్చాను. సందు చివర, కిరాణా మూటల మధ్య గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను.

మాస్టర్ అబద్ధం ఆడగా నేనెన్నడూ వినలేదు. ఆడిన ఆ ఒక్కటీ నాకోసం ఆడాడు. దాన్ని ఎలాగైనా నమ్ముదామని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ప్రయత్నించాను. కళ్లు మూసుకుని ఆ పొద్దుటి మైదానంలోకి పోతాను. గోల్‌కంబం దగ్గర వాళ్లు నిలబడే ఉంటారు. గుడ్లన్న, అతని పక్కన పొట్టివాడు, కంబానికి ఆనుకుని ఇద్దరు, కొంచెం ఎడంగా బూట్ల దారాలు విప్పుకుంటూ ఒకడు. ఐదుగురే అని నాకు నేను చెప్పుకుంటాను. అప్పుడు నెట్ వెనకనుంచి ఇంకొకడు, చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ, నెమ్మదిగా ముందుకు వస్తాడు.